నార్వే ఈయూలో చేరడానికి రెండుసార్లు ఎందుకు 'వద్దు' అంది?

శ్రీను_గ్రూప్స్ | రాత్రి 8:52

అందరికీ నమస్కారం. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. బ్రెగ్జిట్ మీద ఎక్కడ చూసినా మెటీరియలే. ఈయూ (యూరోపియన్ యూనియన్) లోంచి బయటికి వచ్చిన దేశం గురించి ఇంత రాశారు గానీ, అసలు ఆ గడపే తొక్కని నార్వే గురించి సరైన వ్యాసం ఒక్కటీ దొరకలేదు. 1972లో ఒకసారి (అప్పట్లో ఈయూ పేరు యూరోపియన్ కమ్యూనిటీ), 1994లో ఇంకోసారి అక్కడ రెఫరెండం, అంటే ప్రజాభిప్రాయ ఓటు పెట్టారు. రెండుసార్లూ ప్రధానమంత్రి చేరదామన్నారు, కన్సర్వేటివ్ పార్టీ చేరదామంది, పరిశ్రమల వాళ్లు చేరదామన్నారు. జనం మాత్రం వద్దన్నారు. ఎలా సాధ్యం? మా కోచింగ్ నోట్సులో "చమురు సంపద, జాతీయవాదం" అని ఒక్క లైనులో తేల్చేశారు. నాకు మింగుడు పడట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు | రాత్రి 9:14

బాబూ, ఆ నోట్సు పక్కన పెట్టి ముందు అంకెలు రాసుకో.

1972 సెప్టెంబరు: వద్దు 53.5 శాతం, చేరదాం 46.5 శాతం. పోలింగ్ 79 శాతం.
1994 నవంబరు 27, 28: వద్దు 52.2, చేరదాం 47.8. పోలింగ్ దాదాపు 89 శాతం. అక్కడ ఏ ఎన్నికల్లోనూ అంతమంది బూత్‌కి రాలేదు.

మధ్యలో 22 ఏళ్లు. ఒక తరం మారింది, బెర్లిన్ గోడ కూలింది, సోవియట్ యూనియన్ పోయింది, చమురు డబ్బు వచ్చింది. ఇన్ని మారినా తేడా 1.3 శాతమే. ఇప్పుడు నువ్వే చెప్పు, చమురే కారణమైతే 1972 ఫలితం ఎలా వచ్చింది? ఎకోఫిస్క్ అనే మొదటి పెద్ద చమురు క్షేత్రం దొరికింది 1969 చివర్లో. 1972 నాటికి ఆ డబ్బు ఇంకా ఖజానాకి పెద్దగా చేరలేదు. అప్పటికి నార్వే అంటే చేపలు, ఓడలు, జలవిద్యుత్తు, అడవులు.

ఇంకో సంగతి. 1994లో 'చేరదాం' అని ఊరూరా తిరిగిన ప్రధానమంత్రి ఎవరో తెలుసా? సుస్థిరాభివృద్ధి నిర్వచనం దగ్గర నువ్వు బట్టీ పట్టే 1987 నాటి బ్రంట్‌లాండ్ కమిషన్ అధ్యక్షురాలు, గ్రో హార్లెమ్ బ్రంట్‌లాండ్. మెయిన్స్‌లో పనికొస్తుంది.

పాత_పేపర్ | రాత్రి 9:21

డబ్బున్నవాళ్లు. పక్కింటివాళ్లతో పంచుకోవడం ఇష్టం లేదు. కథ కంచికి. దీనికి పెద్ద థ్రెడ్ ఎందుకు?

బెర్లిన్_బాలు | రాత్రి 9:40

పాత_పేపర్ గారు కాస్త మొరటుగా చెప్పినా నాది కూడా అదే అభిప్రాయం. నేను జర్మనీలో ఉంటాను. ఈయూ అంటే ఇక్కడ కరెన్సీ, మార్కెట్టు మాత్రమే అనుకోరు. వందేళ్లలో రెండుసార్లు యూరప్‌ని బూడిద చేసిన యుద్ధాలు మళ్లీ రాకుండా కట్టుకున్న ఏర్పాటు. 1994లో ఆస్ట్రియా, ఫిన్లాండ్, స్వీడన్ ప్రజలు సరే అన్నారు. నార్వే ఒక్కటే మొహం తిప్పుకుంది. సరుకు అమ్ముకోవడానికి మాత్రం ఈయూ మార్కెట్టు కావాలి. నిర్ణయాల దగ్గర బాధ్యత వద్దు. ఇది తెలివి అనుకుంటే అనుకోండి, నాకైతే నచ్చదు.

లెక్కల_మాస్టారు | రాత్రి 9:48

బాలూ గారు తెచ్చారు కాబట్టి ఆ వరుస కూడా చెప్తాను. ఆస్ట్రియా జూన్ 12, ఫిన్లాండ్ అక్టోబరు 16, స్వీడన్ నవంబరు 13, ఆఖర్న నార్వే. ఈ క్రమం యాదృచ్ఛికం కాదు. ఎక్కడ 'సరే' ఖాయమో అక్కడ ముందు పెట్టి, ఆ ఊపుతో మొండి దేశాన్ని లాగాలన్నది ఎత్తుగడ. స్వీడన్‌లో 52.3 శాతం సరే అన్నారు. రెండు వారాల తర్వాత నార్వేలో 52.2 శాతం వద్దన్నారు. పక్కపక్క దేశాలు, దాదాపు ఒకే భాష, దాదాపు ఒకే అంకె, ఫలితం అటూ ఇటూ. పరీక్షలో అడిగేవాడికి ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు.

సిక్కోలు_టు_ఉత్తరధ్రువం | రాత్రి 10:26

ఈ థ్రెడ్ చూశాక ఆగలేకపోయాను. నేను ట్రోమ్సోలో ఉంటున్నాను, ఆర్కిటిక్ వలయానికి పైన. శ్రీకాకుళం జిల్లా సముద్రతీరంలో పుట్టి పెరిగాను, కాబట్టి ఇక్కడివాళ్లు చేపల గురించి మాట్లాడుకుంటుంటే నాకు కొత్తేమీ అనిపించదు.

శ్రీనూ, దేశం మొత్తం అంకె చూస్తే సగం కథే తెలుస్తుంది. మ్యాప్ చూడు. 1994లో రాజధాని ఓస్లోలో మూడింట రెండు వంతుల మంది చేరదామన్నారు. ఉత్తరాన చిట్టచివరి ఫిన్‌మార్క్‌లో నలుగురిలో ముగ్గురు వద్దన్నారు. మా ట్రోమ్స్, దాని కింద నార్లాండ్ కూడా 70 శాతం పైనే వద్దు. 1972 మ్యాప్ పక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. 'నార్వే వద్దంది' అంటాం గానీ, ఓస్లో చుట్టుపక్కల నార్వే రెండుసార్లూ సరేనంది. తీరప్రాంతం, పల్లెలు, ఉత్తరం కలిసి దాన్ని ఓడించాయి.

తీరం ఎందుకు అంత గట్టిగా నిలబడిందో తెలియాలంటే 1970 జూన్ 30 దగ్గరికి వెళ్లాలి. ఆ రోజు బ్రిటన్, ఐర్లాండ్, డెన్మార్క్, నార్వేలతో చేరికపై చర్చలు మొదలయ్యాయి. సరిగ్గా అదే రోజున అప్పటి ఆరు సభ్య దేశాలు ఉమ్మడి చేపల విధానంపై ఒప్పుకున్నాయి. సభ్య దేశాల పడవలన్నింటికీ అందరి నీళ్లలో సమాన హక్కు అన్నది అందులో మూల సూత్రం. చేపలు ఎవరి దగ్గర ఉన్నాయి? లోపలికి రాబోతున్న ఈ నలుగురి దగ్గర. మీరు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపలివాళ్లు రూల్ మార్చేసి కూర్చుంటే మీకెలా ఉంటుంది? 1972 మొదట్లో నార్వే చేపల శాఖ మంత్రి క్నూట్ హోయెమ్, వచ్చిన షరతులు సరిపోవని రాజీనామా చేసి వెళ్లిపోయాడు. మంత్రే నమ్మని ఒప్పందాన్ని జాలరి ఎలా నమ్ముతాడు?

ఇంకొకటుంది, అది బయట ఎవరికీ పెద్దగా తెలియదు. ఇక్కడ 1938లో ముడి చేపల చట్టం వచ్చింది. పడవ మీద నుంచి జరిగే మొదటి అమ్మకం జాలర్ల సొంత అమ్మకపు సంఘం ద్వారానే జరగాలి. కనీస ధర నిర్ణయించే అధికారం కూడా ఆ సంఘానిదే. ఉత్తర తీరానికి సంబంధించిన సంఘం ఆఫీసు మా ట్రోమ్సోలోనే ఉంది.

భీమవరం_బుల్లోడు | రాత్రి 10:41

అక్కా ఆగండి ఆగండి. కనీస ధర జాలర్ల సంఘమే పెడుతుందా? కొనేవాడు కాదా?

మా దగ్గర సంగతి చెప్తా వినండి. రొయ్యల పట్టుబడి రోజు పొద్దున ఫోన్లో వంద కౌంట్‌కి (కేజీకి వంద రొయ్యలు) ఒక రేటు చెప్తారు. వ్యాన్ చెరువు గట్టు మీదకి వచ్చాక, వల లాగేశాక, ఇంకో రేటు. రొయ్య నీళ్లలోంచి బయటికొచ్చాక రైతు ఏం చేస్తాడండీ? మళ్లీ చెరువులో వదిలేస్తాడా? ఐస్ కరిగిపోతుంటే బేరం ఆడతాడా? కొనేవాడికి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. కౌంట్ తేడా ఉందంటాడు, సాఫ్ట్ ఉందంటాడు, కాటా దగ్గర ఇంకో నాలుగు కేజీలు కోసేస్తాడు. మేము తిట్టుకుంటూ డబ్బు తీసుకుని వచ్చేస్తాం.

సిక్కోలు_టు_ఉత్తరధ్రువం | రాత్రి 11:02

తమ్ముడూ, ఆ చట్టం పుట్టిందే నువ్వు చెప్పిన బాధలోంచి. 1930లలో ఉత్తర తీరంలో చేపల వ్యాపారే ఊరి రేవుకి యజమాని. సరుకు దింపే చోటు అతనిది, అప్పు ఇచ్చేది అతను, కొనేదీ అతనే. కాడ్ చేప పడవలో ఉంటే గంటలు లెక్క. ధర అతను చెప్పిందే. ఆర్థిక మాంద్యంలో జాలర్లు చితికిపోయాక సంఘం కట్టి, పోరాడి ఆ చట్టం తెచ్చుకున్నారు. ఇప్పటికీ ముందు కొనుగోలుదార్లతో కూర్చుని మాట్లాడతారు, కుదరకపోతే కనీస ధర సంఘమే ప్రకటిస్తుంది. దానికంటే తక్కువకి కొనడానికి వీల్లేదు.

ఇప్పుడు ఫిన్‌మార్క్ జాలరి ఇంట్లో కూర్చుని 1994లో ఆలోచించు. తాతల నాడు సంపాదించుకున్న ఈ హక్కు బ్రస్సెల్స్ (ఈయూ కేంద్రం) పోటీ నిబంధనల ముందు నిలుస్తుందా అని భయం. 62వ అక్షాంశానికి ఉత్తరాన చేపల నిర్వహణ తమ చేతిలోనే ఉంచుకోవాలని నార్వే గట్టిగా అడిగింది. దొరికింది కొన్నేళ్ల గడువే, శాశ్వత హామీ రాలేదు. అప్పటి చేపల మంత్రి యాన్ హెన్రీ ఊల్సెన్ చర్చల్లో 'ఇవ్వడానికి ఇంక చేపల్లేవు' అని అంటుంటే ఆయనకి 'నో ఫిష్' అని పేరే పడిపోయింది. చిత్రమేమంటే ఆయన 'చేరదాం' వైపు మనిషి. అంత చేసినా తీరం ఆయన్ని నమ్మలేదు.

పనిలో పని ఒకటి చెప్తాను. చలికాలం చివర్లో లోఫోటెన్ దీవులకి వస్తే దుంగలతో కట్టిన పెద్ద పెద్ద దండేల మీద కాడ్ చేపలు, రెండేసి తోకలు కలిపి కట్టి, వేలకి వేలు వేలాడుతుంటాయి. ఉప్పు ఉండదు. గాలికీ చలికీ ఎండుతాయి. మంచివి ఇటలీకి, తలకాయలు నైజీరియాకి వెళ్తాయి, అక్కడ పులుసుల్లో వేస్తారట. మా ఊళ్లో ఇసుక మీద ఆరబెట్టిన ఎండుచేపల వాసన తెలిసినదాన్ని కాబట్టి మొదటిసారి అక్కడికి వెళ్లినప్పుడు నాతో వచ్చినవాళ్లందరూ ముక్కు మూసుకుంటే నాకు ఆకలేసింది.

పాత_పేపర్ | రాత్రి 11:09

ఇప్పుడు ఆకలి నాకు. సరే, చేపలు ఒప్పుకుంటా. జాలర్లు ఎంతమంది ఉంటారు? వాళ్లతో 52 శాతం రాదు.

సిక్కోలు_టు_ఉత్తరధ్రువం | రాత్రి 11:17

రాదు, నిజమే. వాళ్లకి రైతులు కలిశారు. దేశంలో సాగుభూమి 3 శాతం, చిన్న కమతాలు, మంచు, కొండలు. దిగుమతి సుంకాలు, సబ్సిడీలు లేకపోతే డెన్మార్క్ పాలతో పోటీ పడలేరు. రైతుల పార్టీ అయిన సెంటర్ పార్టీ 1993 ఎన్నికల్లో ఈయూ వ్యతిరేకత మీదే 32 సీట్లు తెచ్చుకుంది, కన్సర్వేటివ్‌లని కూడా దాటేసింది. ఆ పార్టీ నాయకురాలు అన్నె ఎంగెర్ లాన్‌స్టైన్‌ని 'వద్దు రాణి' అని పిలిచేవారు. ఇటు బ్రంట్‌లాండ్, అటు లాన్‌స్టైన్, ఒక దేశ భవిష్యత్తు మీద ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడిన పోటీ. రైతులు, జాలర్లే కాదు, స్కూళ్లలో, ఆసుపత్రుల్లో, మున్సిపల్ ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్లలో చాలామంది కూడా వద్దు వైపే నిలబడ్డారు. సంక్షేమ వ్యవస్థకి గండి పడుతుందని వాళ్ల టెన్షన్. అధికారంలో ఉన్నది లేబర్ పార్టీయే అయినా, దాని సొంత కార్మిక సమాఖ్య కూడా రెండు నెలల ముందు మహాసభ పెట్టి కొద్దిపాటి తేడాతో వద్దని తీర్మానం చేసింది.

లెక్కల_మాస్టారు | మర్నాడు ఉదయం 6:05

చరిత్ర వదిలేస్తే ఇది పూర్తి కాదు. నార్వే 1814 వరకు దాదాపు 400 ఏళ్లు డెన్మార్క్ రాజుల కింద ఉంది. ఆ తర్వాత 1905 వరకు స్వీడన్‌తో ఒకే రాజు కింద కట్టిపడేశారు. 1905 ఆగస్టులో విడిపోదామా అని అడిగితే అవునన్నవాళ్లు 3,68,208 మంది, కాదన్నవాళ్లు 184 మంది. మళ్లీ చదువు, 184 మంది. ఆడవాళ్లకి అప్పుడు ఓటు లేదు. వాళ్లు విడిగా రెండు లక్షలకు పైగా సంతకాలు సేకరించి పార్లమెంటుకి ఇచ్చారు. స్వతంత్రం వచ్చి 70 ఏళ్లు కాకముందే 'ఇంకో యూనియన్‌లో చేరదాం' అంటే ముసలివాళ్ల గుండె ఊరుకుంటుందా? 1972లో 'నార్వేను అమ్మొద్దు' అన్న నినాదం గోడల మీద ఊరికే పడలేదు.

1972లో పార్టీలూ, స్నేహాలూ, ఇళ్లూ చీలిపోయాయి. ఓడితే దిగిపోతానని ముందే చెప్పిన ప్రధాని ట్రిగ్వే బ్రాటెలి ఓడాక దిగిపోయాడు. లిబరల్ పార్టీ ఆ నవంబరులో రోరోస్ పట్టణంలో సమావేశమై రెండుగా విడిపోయింది. 1994లో బ్రంట్‌లాండ్ మాత్రం ఓడినా దిగలేదు, 1996 దాకా పాలించారు.

ఓరుగల్లు_రమ | ఉదయం 9:33

వృత్తిరీత్యా లాయర్‌ని. ఇంతసేపూ చేపలు, రైతులు, చరిత్ర నడిచింది. అసలు ఓటు చట్టపరంగా ఏమిటో ఎవరూ చెప్పలేదు.

నార్వేలో రెఫరెండం సలహా మాత్రమే. అధికారాన్ని ఒక అంతర్జాతీయ సంస్థకి బదిలీ చేయాలంటే రాజ్యాంగం ప్రకారం స్టోర్టింగ్, అంటే వాళ్ల పార్లమెంటులో నాలుగింట మూడు వంతుల మెజారిటీ కావాలి. 1994లో సభలో 165 మంది. 42 మంది అడ్డం తిరిగితే ఆగిపోతుంది. సెంటర్, సోషలిస్ట్ లెఫ్ట్, క్రిస్టియన్ డెమోక్రాట్లు కలిస్తేనే 58 మంది. అంటే ప్రజలు 51 శాతం 'సరే' అన్నా పార్లమెంటులో అడ్డుకునే బలం వ్యతిరేకుల చేతిలో ఉంది. వాళ్లు అంత పని చేసేవారా అన్నది వేరే చర్చ.

ఇంకా ముఖ్యమైనది ఇది. 1994 నవంబరు కంటే రెండేళ్ల ముందే, 1992 అక్టోబరు 16న స్టోర్టింగ్ ఈఈఏ ఒప్పందాన్ని, అంటే యూరోపియన్ ఎకనమిక్ ఏరియా ఒప్పందాన్ని 130-35తో ఆమోదించింది. దానితో నార్వే ఈయూ ఉమ్మడి మార్కెట్‌లోకి వచ్చేసింది. వస్తువులు, సేవలు, పెట్టుబడి, మనుషులు స్వేచ్ఛగా తిరగొచ్చు. వ్యవసాయ విధానం, చేపల విధానం, కస్టమ్స్ యూనియన్ మాత్రం బయట ఉంచారు. 1994 జనవరి 1 నుంచి అమలు. దీనికి రెఫరెండం పెట్టలేదు!

స్విట్జర్లాండ్ అదే ఈఈఏ ఒప్పందాన్ని 1992 డిసెంబరు 6న ప్రజల ముందు పెట్టింది. 50.3 శాతం వద్దన్నారు, ఆగిపోయింది. నార్వేలో కూడా అడిగి ఉంటే? ఊహే అనుకోండి. నా ఫిర్యాదు ఒక్కటే: ప్రజలని ఏ ప్రశ్న అడగాలో, ఏది అడగకూడదో నిర్ణయించేవాడి చేతిలోనే సగం ఫలితం ఉంటుంది.

బెర్లిన్_బాలు | ఉదయం 10:15

రమ గారూ, నేను చెప్పాలనుకున్నది మీరే చట్టం భాషలో చెప్పారు. ఇప్పుడు దాని ఫలితం చూడండి. 2012లో వాళ్ల ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీయే, ఈయూ నిబంధనల్లో సుమారు నాలుగింట మూడు వంతులు నార్వే ఎలాగూ పాటిస్తోందని తేల్చింది. నిబంధనలు రాసే గదిలో మాత్రం వాళ్లకి కుర్చీ లేదు. మెస్ బిల్లు కట్టి, వంట కమిటీలో ఓటు లేని హాస్టల్ కుర్రాడి పరిస్థితి. పైగా 2001 నుంచి షెంగెన్‌లో (సరిహద్దు తనిఖీల్లేని ప్రయాణ ప్రాంతం) ఉన్నారు. 2014-21 కాలానికి తూర్పు, దక్షిణ యూరప్ దేశాలకి ఇచ్చిన 2.8 బిలియన్ యూరోల గ్రాంట్లలో దాదాపు మొత్తం నార్వే జేబులోంచే పోయింది. పాత_పేపర్ గారూ, పంచుకోవడం ఇష్టం లేదన్నారు కదా, చూడండి, పంచుకుంటూనే ఉన్నారు, మాట్లాడే హక్కు లేకుండా. ఇదా మీరు పొగిడే స్వాతంత్ర్యం?

సిక్కోలు_టు_ఉత్తరధ్రువం | ఉదయం 11:20

బాలూ గారూ, ఆ మాట ఇక్కడివాళ్లూ అంటారు. 'ఫ్యాక్స్ ప్రజాస్వామ్యం' అని వెక్కిరిస్తారు, బ్రస్సెల్స్ నుంచి ఫ్యాక్స్ వస్తుంది, ఓస్లో సంతకం పెడుతుంది అని. కాకపోతే వద్దన్న జాలరి దగ్గర ఈ వాదన పనిచేయదు. అతనికి కావలసింది కాడ్ కోటా, కనీస ధర. రెండూ ఇప్పటికీ ఓస్లో చేతిలో, ట్రోమ్సో చేతిలో ఉన్నాయి. పెయింట్ డబ్బా మీద లేబుల్ ఎలా ఉండాలో బ్రస్సెల్స్ చెప్తే అతనికి పోయేదేమీ లేదు. ఓస్లోలో కంపెనీ నడిపేవాడికి అదే పెద్ద విషయం. అందుకే అతను చేరదామన్నాడు. ఇద్దరూ తమ లెక్క తాము సరిగ్గానే చూసుకున్నారు.

భీమవరం_బుల్లోడు | ఉదయం 11:34

మరి మాకు లేబుల్ చెప్పేది బ్రస్సెల్సే, టెస్టులు చెప్పేదీ బ్రస్సెల్సే! 2016లో ఈయూ వాళ్లు మన చెరువు రొయ్యల కంటైనర్లలో టెస్ట్ చేసేవి 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. యాంటీబయోటిక్ దొరికితే కంటైనర్ వెనక్కి. ఎవరు మమ్మల్ని అడిగారు? నార్వే వాడికి కనీసం ఓటు వేసే ఛాన్స్ వచ్చింది.

అక్కా, ఒక డౌట్. సాల్మన్ కూడా చెరువుల్లాగా పెంచేదే కదా, సముద్రంలో వలల గూళ్లల్లో. దాని మీద ఈయూ సుంకం ఉందా? బయట ఉన్నారు కాబట్టి కట్టాలి కదా?

సిక్కోలు_టు_ఉత్తరధ్రువం | మధ్యాహ్నం 12:10

నీ బుర్ర చురుకే తమ్ముడూ. ఇక్కడే అసలు దెబ్బ ఉంది. తాజా సాల్మన్ మొత్తం చేపగా పంపితే ఈయూ సుంకం 2 శాతం. పొగబెట్టి, ముక్కలు చేసి, ప్యాకెట్ కట్టి పంపితే 13 శాతం. ఫలితం ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. చేప ఇక్కడ పెరుగుతుంది, ఐస్ పెట్టెల్లో లారీల మీద పోలాండ్, డెన్మార్క్ వెళ్తుంది, అక్కడి ఫ్యాక్టరీల్లో కోసి పొగబెట్టి జర్మనీ, ఫ్రాన్స్ సూపర్‌మార్కెట్లకి అమ్ముతారు. బాలూ గారు బెర్లిన్‌లో కొనే ప్యాకెట్ వెనక చూడండి, చేప నార్వేది, ఫ్యాక్టరీ చాలాసార్లు పోలాండ్‌ది ఉంటుంది.

భీమవరం_బుల్లోడు | మధ్యాహ్నం 12:18

అంటే ప్రాసెసింగ్ ఉద్యోగాలన్నీ బయటికి. మా దగ్గర పీలింగ్ షెడ్లల్లో వేలమంది ఆడవాళ్లు పనిచేస్తారు, ఆ పనే పోతే ఊళ్లు ఖాళీ. పాపం, పట్టేవాడు గెలిచాడు, పెంచేవాడి పక్కన ఫ్యాక్టరీలో కోసేవాడు ఓడాడు. ఒకే ఓటుకి ఒకే తీరంలో రెండు లెక్కలు. ఇది నాకు ఇప్పుడే అర్థమైంది.

బెర్లిన్_బాలు | మధ్యాహ్నం 12:31

ఇప్పుడే ఫ్రిజ్ తీసి చూశాను. పోలాండే.

సైబర్_సైనికుడు | మధ్యాహ్నం 1:02

రెఫరెండం అంటున్నారు కాబట్టి అడుగుతున్నా, 2014లో మన రాష్ట్రం విషయంలో పెట్టి ఉంటే తెలిసేది ఎవరి సత్తా ఎంతో. సమైక్యం అన్నవాళ్లంతా

[ఈ పోస్టులో మిగతా భాగాన్ని నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకులు | మధ్యాహ్నం 1:09

ఆ చర్చకి వేరే విభాగం ఉంది, అక్కడ ఇప్పటికే 400 పేజీలు నడిచాయి. ఇక్కడ నార్వే మాత్రమే. ఇంకో పోస్టు అలాగే వస్తే థ్రెడ్‌కి తాళం వేస్తాం.

శ్రీను_గ్రూప్స్ | మధ్యాహ్నం 1:25

తాళం వేయకండి సార్, ప్లీజ్. రమ గారూ, గొడవకి కాదు, సిలబస్ కోసం అడుగుతున్నా. మన దేశంలో ఇలాంటి ఓటింగ్ ఎప్పుడైనా జరిగిందా?

ఓరుగల్లు_రమ | మధ్యాహ్నం 2:40

మన రాజ్యాంగంలో రెఫరెండం అన్న ఏర్పాటే లేదు. జరిగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1948 ఫిబ్రవరిలో జునాగఢ్, 1975 ఏప్రిల్‌లో సిక్కిం. ఆ రెండూ ఏకపక్షం. మీ థ్రెడ్‌కి దగ్గరగా ఉండేది 1967 జనవరి 16 నాటి గోవా. మహారాష్ట్రలో కలవాలా, కేంద్రపాలిత ప్రాంతంగా విడిగా ఉండాలా అని అడిగారు. విడిగా అన్నవాళ్లు 1,72,191, కలుద్దామన్నవాళ్లు 1,38,170. ఇందులోనూ నార్వే పోలిక ఉంది: అప్పటి గోవాలో అధికార పార్టీ విలీనం కావాలన్నది, ప్రజలు ఆ పార్టీకి ఓటేస్తూనే విలీనాన్ని ఓడించారు. కొద్ది నెలలకే ఎన్నికలొస్తే మళ్లీ ఆ పార్టీనే గెలిపించారు. బ్రంట్‌లాండ్ దిగిపోకుండా ఉండగలగడంలో కూడా ఇలాంటి తర్కమే ఉంది. ఓటరు 'నువ్వు ఉండు, ఆ పని మాత్రం చేయకు' అని చెప్పగలడు.

పాత_పేపర్ | సాయంత్రం 5:55

సరే, పాత కథ అయిపోయింది. ఇప్పుడు యుక్రెయిన్ యుద్ధం, అమెరికా గొడవలు. రష్యాతో సరిహద్దు పంచుకునే దేశం ఇంకా బయటే ఉంటుందా? మూడోసారి ఓటు పెడతారా?

సిక్కోలు_టు_ఉత్తరధ్రువం | రాత్రి 7:48

మా కాఫీ టేబుల్ దగ్గర కూడా ఇదే ప్రశ్న. 2005 తర్వాత సర్వేల్లో 'చేరదాం' వైపు మెజారిటీ కనపడలేదు. యుద్ధం తర్వాత కొంత పెరిగింది గానీ గీత దాటలేదు. భద్రత అంటే ఇక్కడివాళ్లకి ముందు గుర్తొచ్చేది నాటో, 1949 నుంచి వ్యవస్థాపక సభ్యులు. ఫిన్లాండ్, స్వీడన్ అప్పట్లో నాటోలో లేవు, 1994లో ఈయూకి సరే అనడానికి ఆ లోటు ఒక కారణం. నార్వేకి ఆ లోటు లేదు. నా వరకు, బాలూ గారి శాంతి వాదన ఇక్కడ అంటుకోకపోవడానికి ఇదే ముఖ్యమైన కారణం.

గొడవ మాత్రం ఆగలేదు. ఇప్పుడు చేప స్థానంలో కరెంటు వచ్చింది. జర్మనీకి, బ్రిటన్‌కి సముద్రం అడుగున వేసిన కొత్త కేబుళ్లు 2021లో మొదలయ్యాయి. ఆ చలికాలంలోనే యూరప్‌లో గ్యాస్ ధర మండిపోయింది, దక్షిణ నార్వేలో కరెంటు బిల్లులు చూసి జనం గుడ్లు తేలేశారు. మా ఉత్తరాన మాత్రం చవకే, లైన్లు అంత దూరం కలవవు కాబట్టి. 2025 జనవరి చివర్లో ఈయూ ఇంధన నిబంధనలు ఒప్పుకునేది లేదని సెంటర్ పార్టీ ఏకంగా ప్రభుత్వంలోంచి బయటికి వచ్చేసింది. అదే పార్టీ, అదే గొడవ, 30 ఏళ్ల తర్వాత.

బెర్లిన్_బాలు | రాత్రి 8:20

ఈఈఏలో వాళ్లకి వీటో హక్కు ఉంది కదా? నచ్చకపోతే వాడుకోవచ్చు. ఎప్పుడైనా వాడారా?

ఓరుగల్లు_రమ | రాత్రి 8:44

కాగితం మీద ఉంది, 102వ అధికరణం. 2011లో ఈయూ పోస్టల్ సేవల డైరెక్టివ్‌ని (ఆదేశాన్ని) ఒప్పుకునేది లేదని అప్పటి ప్రధాని స్టోల్టెన్‌బర్గ్ ప్రభుత్వం ప్రకటించింది. 2013లో ప్రభుత్వం మారింది, కొత్తవాళ్లు ఆ అభ్యంతరం వెనక్కి తీసుకున్నారు. వీటో వేస్తే ఒప్పందంలో దానికి సంబంధించిన భాగం మొత్తం సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది. అందుకని దాని జోలికి ఎవరూ సులువుగా వెళ్లరు.

లెక్కల_మాస్టారు | రాత్రి 9:02

బయట ఉండటం వల్ల వాళ్లకి మిగిలిన ఒక స్వేచ్ఛ మనకి నేరుగా తగులుతుంది, అదీ రాసుకో శ్రీనూ. కస్టమ్స్ యూనియన్‌లో లేరు కాబట్టి వర్తక ఒప్పందాలు సొంతంగా చేసుకోవచ్చు. నార్వే, స్విట్జర్లాండ్, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టెయిన్ నాలుగూ కలిసిన ఎఫ్టా కూటమి 2024 మార్చి 10న భారత్‌తో ఒప్పందం సంతకం చేసింది, 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. 15 ఏళ్లలో 100 బిలియన్ డాలర్ల పెట్టుబడుల లక్ష్యం అందులో ఉంది. ఈయూతో మన చర్చలు 2007లోనే మొదలయ్యాయి, అయినా ఈ చిన్న కూటమే ముందు సంతకం పెట్టింది.

గ్రీన్లాండ్ కూడా చదువు. 1972 డెన్మార్క్ రెఫరెండంలో గ్రీన్లాండ్ వాసులు వద్దన్నా, డెన్మార్క్‌తో పాటు లోపలికి వెళ్లాల్సి వచ్చింది. 1982లో మళ్లీ ఓటేసుకుని 1985లో బయటికి వచ్చేశారు. కారణం చెప్పు చూద్దాం.

శ్రీను_గ్రూప్స్ | రాత్రి 9:06

చేపలు.

భీమవరం_బుల్లోడు | రాత్రి 9:07

చేపలే 😄 మరి ఐస్‌లాండ్ సంగతేంటి మాస్టారూ?

లెక్కల_మాస్టారు | రాత్రి 9:30

2008లో బ్యాంకులు కుప్పకూలాక భయపడి 2009లో ఈయూకి దరఖాస్తు పెట్టారు. 2013లో ప్రభుత్వం మారి చర్చలు ఆపేసింది, 2015లో ఇక మమ్మల్ని అభ్యర్థి దేశంగా చూడొద్దని ఉత్తరం రాసింది. చేపల అధ్యాయం తెరవనే లేదు. 2024 డిసెంబరులో వచ్చిన కొత్త ప్రభుత్వం, చర్చలు మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నదానిపై 2027లోపు ప్రజలని అడుగుతామంది. చేరాలా వద్దా అని కాదు సుమా, మాట్లాడాలా వద్దా అని. రమ గారు చెప్పిన ప్రశ్న ఎంపిక ఇక్కడ గమనించు. నీ మెయిన్స్ అయ్యాక దానికి వేరే థ్రెడ్ తెరువు, ఇది ఇప్పటికే పొడుగైంది.